కింద కొట్లు, పైన కాపురాలు: వాంకూవర్‌లో 1908 నాటి ఒక బిల్డింగు విలువ ఎక్కడుంది?

కెనడా పడమటి తీరంలో వాంకూవర్ డౌన్‌టౌన్‌లో రాబ్సన్ స్ట్రీట్, థర్లో స్ట్రీట్ కలిసే మూల మీద మాన్‌హట్టన్ అని ఒక ఇటుక బిల్డింగు ఉంది. రాబ్సన్ అంటే ఆ ఊళ్ళో షాపింగ్‌కి పేరుపడ్డ వీధి. రోజూ బోలెడు జనం దాని ముందు నుంచి నడుస్తారు, అద్దాల వెనక ఉన్నవి చూస్తారు, కొంటారు, పోతారు, తల పైకెత్తి చూసేవాళ్ళు మాత్రం తక్కువ. ఎత్తితే గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన కిటికీల వరసలు కనిపిస్తాయి. ఆ కిటికీల వెనక మనుషులు కాపురం ఉంటున్నారు. 1908లో కట్టినప్పుడు కింద కొట్లు, పైన అద్దె ఇళ్ళు, ఇప్పటికీ కింద కొట్లే, పైన ఇళ్ళే.

చుట్టూ టవర్లు లేచాయి, నేల ధర మామూలు మనిషి ఊహకి అందదు. అలాంటి చోట ఈ పొట్టి బిల్డింగుని ఎందుకు ఉంచాలి అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. పాతది కాబట్టి అంటే చాలదు, పాతవన్నీ ఉంచలేం. అందంగా ఉంది కాబట్టి అన్నా చాలదు, ఇంతకంటే అందమైనవి ఆ ఊళ్ళోనే ఉన్నాయి. ఎవరో గొప్పవాళ్ళు అక్కడ ఉన్నారు కాబట్టి అనడానికీ వీల్లేదు, ఇలాంటి ఇళ్ళలో ఉన్నది ఎక్కువగా పేరు తెలియని జనమే. ఈ రకం బిల్డింగు విలువ దాని ముఖంలో వెతికితే దొరకదు, దాని అమరికలో ఉంది. వీధికి కొట్టు ఎలా తెరుచుకుంటుంది, ఇంట్లోకి తోవ ఎటు నుంచి వెళ్తుంది, మధ్యగదికి వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా పైన ఇంకా ఎవరైనా ఉంటున్నారా లేదా. హెరిటేజ్ పేరుతో జరిగే పనిలో ఎక్కువ భాగం ముందు గోడ దగ్గరే ఆగిపోతోంది. అసలు బాధ అక్కడే.

ఈ కాలపు కట్టడాల్ని ఎడ్వర్డియన్ అంటారు. బ్రిటన్ రాజు ఏడో ఎడ్వర్డ్ పాలించింది 1901 నుంచి 1910 వరకే, కానీ కట్టడాల విషయంలో ఆ పేరుని 1914లో యుద్ధం మొదలయ్యేదాకా లాగుతారు. విక్టోరియా రాణి కాలంలో గోడ నిండా కిక్కిరిసిన నగిషీ ఉండేది. ఈ కాలానికి వచ్చేసరికి అది తగ్గింది, కిటికీలు పెద్దవయ్యాయి, కార్నిస్ (గోడ పై అంచున ముందుకు పొడుచుకొచ్చే పట్టీ) మీద, తలుపు చుట్టూ కాస్త గ్రీకు, రోమన్ తరహా పని మిగిలింది. శైలి గురించి ఇంతకంటే తెలుసుకోవలసింది పెద్దగా లేదు. ఆ బిల్డింగులు ఆ సంవత్సరాల్లోనే అంత మూకుమ్మడిగా ఎందుకు లేచాయి అన్నది అంతకంటే ముఖ్యం.

వాంకూవర్ నగరంగా ఏర్పడింది 1886 ఏప్రిల్‌లో. అదే ఏడాది జూన్ 13న మంటల్లో దాదాపు మొత్తం కాలిపోయింది, మళ్ళీ కట్టుకుంది, 1887 మేలో ఖండం ఆ చివర నుంచి రైలు వచ్చింది. 1901లో జనాభా సుమారు 27 వేలు. 1911కి లక్ష దాటింది. పదేళ్ళలో దాదాపు నాలుగింతలైన ఊళ్ళో జనం ఎక్కడుండాలి? ట్రామ్ 1890 నుంచే నడుస్తోంది, అది వెళ్ళే వీధుల్లో కొట్లు వచ్చాయి, కొట్ల మీద గదులు వచ్చాయి. ఊరు అలా పొంగుతూ పొంగుతూ 1913కి చతికిలబడింది. భూముల ధరలు కూలాయి, తర్వాత ఏడాదే యుద్ధం. కొత్తగా కట్టేవాళ్ళు లేరు, ఉన్నది పడగొట్టి అంతకంటే పెద్దది కడదామన్న ఆత్రమూ లేదు. ఆ పది పన్నెండేళ్ళ పొర ఆ ఊళ్ళో చాలాచోట్ల అలాగే మిగిలిపోవడానికి కారణం ఎవరి కళాభిమానమూ కాదు, చేతిలో డబ్బు లేకపోవడం.

ఇంకో సంగతి ఇప్పటివాళ్ళకి వింతగా అనిపిస్తుంది. ఆ రోజుల్లో అపార్ట్‌మెంట్ అంటే మర్యాదస్తులు ముఖం చిట్లించేవారు. కుటుంబం అంటే సొంత ఇల్లు, చుట్టూ పెరడు, ఒకే వాకిలి. ఒకే మెట్ల మీద ఎవరెవరో ఎక్కి దిగే చోట సంసారాలు చెడిపోతాయని ఒక నమ్మకం. ఇది మాటల్లోనే ఆగలేదు, టొరంటో నగరం 1912లో నివాస వీధుల్లో చాలావాటిలో అపార్ట్‌మెంట్లు కట్టకూడదని నిబంధన పెట్టింది. అలాంటి వాతావరణంలో వ్యాపార వీధి మూల అనేది అపార్ట్‌మెంట్‌కి బాగా అనువైన చోటు. ఎలాగూ రద్దీ ఉంది, ట్రామ్ ఉంది, పక్కింటి పెరడు చూస్తున్నారని గొడవపడేవాళ్ళు లేరు. సొంత ఇల్లు కొనలేని గుమస్తాలు, టైపిస్టులు, టీచర్లు, కొత్తగా పెళ్ళయిన జంటలు, ఒంటరి ఆడవాళ్ళు, ఇలాంటివాళ్ళకి ఊరి నడిబొడ్డున తాళం వేసుకోగలిగే గడప ఒకటి దొరికింది. ఒంటరిగా ఉద్యోగం చేసుకునే ఆడవాళ్ళ విషయంలో అది చిన్న మార్పు కాదు. అంతకుముందు వాళ్ళకి ఉన్నది ఎవరింట్లోనో ఒక గది, ఆ ఇంటివాళ్ళ కళ్ళ ముందు రాకపోకలు.

మాన్‌హట్టన్ కట్టించింది విలియం టైట్ అనే కలప వ్యాపారి. స్కాట్లండ్ నుంచి వచ్చి వాంకూవర్‌లో కోత మిల్లుతో సంపాదించాడు. ప్లాన్ గీసింది పార్ అండ్ ఫీ అనే ఆర్కిటెక్టుల జంట, జాన్ పార్, థామస్ ఫీ. ఆ దశాబ్దంలో ఆ ఊరి వ్యాపార వీధుల్లో వాళ్ళు కట్టినన్ని బిల్డింగులు కట్టినవాళ్ళు అరుదు. ఊరి పాత భాగమైన గ్యాస్‌టౌన్‌లో ఇస్త్రీ పెట్టె ఆకారంలో మూల మీద నిలబడి ఉండే హోటల్ యూరప్ వాళ్ళదే, గ్రాన్‌విల్ స్ట్రీట్‌లో తెల్లటి మెరుపు ఇటుకల హోటళ్ళు కొన్ని వాళ్ళవే, 1912 నాటి గడియారం ఉన్న వాంకూవర్ బ్లాక్ వాళ్ళదే. కట్టిన బిల్డింగు యజమానికి గిట్టుబాటు కావాలన్నది వాళ్ళు దాచుకోకుండా చెప్పుకున్న సూత్రం.

ఇదే టైట్ 1910లో అదే పార్ అండ్ ఫీ చేత ఊరికి దక్షిణాన షాగ్నెసీలో తన సొంత భవనం కట్టించుకున్నాడు. పేరు గ్లెన్ బ్రే. రెండు గుమ్మటాలు, పెద్ద తోట. దాని కథ చెప్పడం సులువు. ధనవంతుడి ఇల్లు, తర్వాత చేతులు మారింది, చివరికి నగరానికి దానంగా వచ్చింది, 1995 నుంచి కానక్ ప్లేస్ అనే పిల్లల హాస్పిస్ (నయంకాని జబ్బులున్న పిల్లల్ని చూసుకునే చోటు) అక్కడ నడుస్తోంది. గొప్ప కథే, ఎవరూ కాదనరు. కానీ ఒకే మనిషి, ఒకే ఆర్కిటెక్టులు, రెండేళ్ళ తేడాలో కట్టిన రెండు బిల్డింగుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి తను ఉండటానికి, రెండోది ఇతరులు ఉండి అద్దె కట్టడానికి. మొదటిదాని గురించి రాయమంటే ఎవరైనా పేజీలు నింపుతారు. రెండోదాని గురించి రాయమంటే కిటికీల ఆకారం, ఇటుక రంగు రాసి ఆపేస్తారు. ఊరు ఎలా బతికిందో చెప్పేది మాత్రం ఆ రెండోదే.

ఆ బిల్డింగు ఎలా పనిచేస్తుందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే విలువంతా ఆ వివరాల్లోనే ఉంది. ఈ మాటలు ఒక్క మాన్‌హట్టన్‌కే కాక ఆ తరం బిల్డింగులన్నిటికీ స్థూలంగా వర్తిస్తాయి.

కింద అంతస్తులో గోడ దాదాపు ఉండదు. సన్నటి స్తంభాలు, వాటి మధ్య నిలువెత్తు అద్దాలు. కొట్టు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ, ఎందుకంటే వీధి వైపు ప్రతి అడుగుకీ విలువ ఉంది, ఒకే ముఖభాగంలో ఎన్ని కొట్లు పడితే అంత మంచిది. కొట్టు తలుపు వీధి అంచున ఉండదు, ఒక అడుగో రెండడుగులో లోపలికి జరిగి ఉంటుంది. వాన ఊరు అది, గొడుగు ముడిచేవాడికి, సరుకు చూస్తూ లోపలికి వెళ్ళాలా వద్దా అని తేల్చుకోలేనివాడికి ఆ చిన్న జాగా కావాలి. షాపు అద్దం పైన మళ్ళీ ఒక వరస చిన్న అద్దాలు, కొన్ని చోట్ల గరుకు గీతలు పోసినవి. కరెంటు దీపాలు బలహీనంగా ఉన్న రోజుల్లో పగటి వెలుతురుని కొట్టు వెనక్కి తోసే ఏర్పాటు అది. ఇవాళ ఎక్కువచోట్ల ఆ వరస మీద ప్లాస్టిక్ సైన్‌బోర్డు వేసేసి, కింద పట్టపగలు ట్యూబులైట్లు వేసుకుంటున్నారు.

పైన ఇళ్ళకి వెళ్ళే తలుపు పెద్ద వీధిలో ఉండదు. పక్క వీధిలో ఉంటుంది. మాన్‌హట్టన్‌లో కూడా కొట్లు రాబ్సన్ వైపు, చిరునామా థర్లో మీద. ఇందులో డబ్బు లెక్క ఉంది, పెద్ద వీధిలో తలుపు పెడితే ఒక కొట్టు స్థలం పోతుంది. మర్యాద లెక్క కూడా ఉంది, ఇంటికి వచ్చేవాళ్ళు బేరాల మధ్యలోంచి రానక్కర్లేదు. అందుకే ఆ పక్క తలుపుకి మంచి రాతి పని, రంగు అద్దాలు, పేరు చెక్కిన పలక పెట్టేవాళ్ళు. అపార్ట్‌మెంట్ అంటే చిన్నచూపు ఉన్న కాలంలో ఆ గడప ఎంత హుందాగా ఉంటే అద్దెకొచ్చేవాళ్ళకి అంత ధైర్యం. మాన్‌హట్టన్ అన్న పేరు కూడా ఆ పనే చేసింది, న్యూయార్క్‌లో పెద్దవాళ్ళు కూడా ఇలాగే ఉంటారు అని చెప్పడం.

లోపల అసలు సమస్య వెలుతురు. మూల మీద ఉన్న బిల్డింగుకి రెండు వైపులే వీధి, మిగతా రెండు వైపులా ఎప్పుడో ఒకప్పుడు పక్కవాడు కట్టేస్తాడు. అందుకని పై అంతస్తుల్లో మధ్యలో ఖాళీ వదిలేవాళ్ళు, మన అపార్ట్‌మెంట్లలో డక్ట్ అంటామే, దానికంటే వెడల్పుగా, అందులోకి వంటగదులు, స్నానాలగదులు, కొన్ని పడకగదులు తెరుచుకునేలా. వీధి వైపు గదులకి బయటికి పొడుచుకొచ్చిన కిటికీలు. మూడు పక్కలా అద్దం ఉండటం వల్ల ఒకే గదికి ఎదురు వెలుతురుతో పాటు వీధి పొడుగునా వచ్చే వెలుతురు కూడా అందుతుంది, పైగా మూడు నాలుగు అడుగుల చోటు అదనంగా కలిసొస్తుంది. బయటి నుంచి చూసేవాళ్ళకి అది అలంకారం. లోపల ఉన్నవాళ్ళకి కుర్చీ వేసుకుని టీ తాగుతూ వీధి చూసే చోటు. వీధిలో ఏం జరిగినా ఎవరో ఒకరు పై నుంచి చూస్తూనే ఉంటారు, రాత్రి కొట్లు మూశాక కూడా. కింద ఆఫీసులు, పైన ఆఫీసులు ఉన్న వీధి ఆరు దాటితే నిర్మానుష్యం అయిపోతుంది, ఇది అవదు.

ఈ ఏర్పాటు తెలుగువాళ్ళకి కొత్తేం కాదు. మన పాత బజార్లన్నిటిలో కొట్టు మీదే ఇల్లు, మెట్లు పక్క సందులోంచి. హైదరాబాద్‌లో మాన్‌హట్టన్ కట్టిన ఏడాదే, 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వచ్చింది. ఆ తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీని కట్టింది, కింద రాతి కమానుల వెనక కొట్లు, పైన గదులు. శైలి వేరు, కట్టించినవాడు వేరు, అక్కడ వ్యాపారి, ఇక్కడ ప్రభుత్వం. కానీ వీధిని బతికించే ఉపాయం మాత్రం ఒకటే. పత్తర్‌గట్టీ విషయంలో కూడా మాట్లాడితే కమానుల గురించే మాట్లాడతాం, మేడ మీది గదుల ఊసు తక్కువ.

ఇక బిల్డింగు దేనితో కట్టారు అన్నది. బయటి గోడలు బరువు మోసే ఇటుక గోడలు, లోపల దూలాలు, నేల పలకలు డగ్లస్ ఫర్ కలప. ఆ తీరంలో వందల ఏళ్ళు పెరిగిన మానుల కలప అది, దగ్గరదగ్గరగా వలయాలు, ముడులు లేని పొడవాటి దూలాలు, ఇవాళ డబ్బు పెట్టినా ఆ నాణ్యత దొరకడం కష్టం. కట్టించినవాడు కలప వ్యాపారి అయితే ఇంకేం కావాలి. అయితే ఈ దూలాల దగ్గర హెరిటేజ్ పత్రాలు దాటవేసే ఒక పేజీ ఉంది. ఆ రోజుల్లో, వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని కోత మిల్లుల్లో పనిచేసినవాళ్ళలో చైనా, జపాన్ వాళ్ళతో పాటు పంజాబ్ నుంచి వెళ్ళినవాళ్ళు చాలామంది. 1907 సెప్టెంబర్‌లో వాంకూవర్‌లో ఆసియావాళ్ళ మీద అల్లర్లు జరిగాయి, చైనావాళ్ళ, జపాన్‌వాళ్ళ వీధుల్లో అద్దాలు పగలగొట్టారు. 1908లో కెనడా ప్రభుత్వం, పుట్టిన దేశం నుంచి మధ్యలో ఆగకుండా ఒకే ప్రయాణంలో వచ్చినవాళ్ళనే దిగనిస్తామని నిబంధన పెట్టింది, ఇండియా నుంచి అలా వచ్చే దారి లేదని తెలిసే పెట్టింది. 1914లో ఇండియా ప్రయాణికులతో వచ్చిన కొమగట మారు ఓడ ఆ రేవులోనే రెండు నెలలు నిలిచి దాదాపు అందరితో తిరిగిపోవలసి వచ్చింది అందుకే.

అదే 1908 జనవరిలో ఆ మిల్లు కూలీలు చందాలు వేసుకుని వాంకూవర్ వెస్ట్ సెకండ్ అవెన్యూలో గురుద్వారా కట్టుకున్నారు. ఓడ వచ్చినప్పుడు ఆ ప్రయాణికుల కోసం మీటింగులు జరిగింది అక్కడే. 1970లో గురుద్వారా రాస్ స్ట్రీట్‌కి మారింది, పాత బిల్డింగు ఇప్పుడు లేదు. ఒకే ఏడాది లేచిన రెండు కట్టడాలు, కలప తెచ్చిన లాభంతో ఒకటి, కలప కోసిన కూలితో ఒకటి. మొదటిది నిలిచింది. రెండోదాన్ని విలువైన కట్టడంగా చూసే చూపు 1970లో నగరానికి లేదు. మాన్‌హట్టన్ తప్పు ఇందులో ఏమీ లేదు, కానీ దాని విలువ రాసేటప్పుడు ఆ దూలాలు ఎవరి చేతుల మీదుగా వచ్చే కాలంలో అది లేచిందో ఒక వాక్యమైనా రాయకపోతే ఆ పత్రం అసంపూర్ణమే.

పత్రం అంటే ఏమిటో చెప్పాలి. కెనడాలో ఒక కట్టడాన్ని హెరిటేజ్‌గా గుర్తించేటప్పుడు దాని ప్రాముఖ్యత గురించి చిన్న వివరణ రాస్తారు, ఒకటి రెండు పేజీలు. అందులో మూడు భాగాలు. మొదట అది ఏమిటి, ఎక్కడుంది. తర్వాత దాని విలువ ఏమిటి, చారిత్రకంగానా, అందం వల్లనా, సమాజానికి దానితో ఉన్న అనుబంధం వల్లనా. చివరగా, ఆ విలువ దేనిలో ఉందో ఆ భౌతిక అంశాల పట్టిక. ఈ చివరి భాగమే అసలైంది, ఎందుకంటే రేపు యజమాని మార్పులు చేస్తానని వస్తే అధికారులు చూసేది ఆ పట్టికే. అందులో ఉన్నది కాపాడాలి, లేనిది పోయినా అడిగేవాళ్ళు ఉండరు. మరి పట్టికలో ఏం రాస్తారు? ఇటుక గోడ, కార్నిస్, కిటికీల ఆకారం, తలుపు చుట్టూ రాతి పని. చూస్తే కనిపించేవి, ఫొటో తీయగలిగేవి. విలువ గురించిన పేరాలో వ్యాపారం, నివాసం కలిసి ఉన్న జీవనం గురించి మంచి మాటలు రాసి, పట్టిక దగ్గరికి వచ్చేసరికి వెలుతురు కోసం వదిలిన ఖాళీ, పక్క వీధి మెట్లు, పైన కాపురాలు కొనసాగడం, ఇవేవీ లేకుండా ముగించేస్తారు. పై పేరాకి, కింద పట్టికకి మధ్య ఉన్న ఈ సందులోంచే బిల్డింగులు జారిపోతున్నాయి.

వాంకూవర్ హెరిటేజ్ కట్టడాల రిజిస్టరు 1986లో జాబితాగా మొదలైంది, కట్టడాల్ని ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేశారు. రిజిస్టర్లో పేరు ఉంటే రక్షణ ఉన్నట్టే అని చాలామంది అనుకుంటారు, కాదు. పేరు ఉండటం వల్ల కూల్చే ముందు నగరం కాస్త ఆపి మాట్లాడగలదు, అంతే. చట్టపరంగా కాపాడాలంటే విడిగా బైలా (నగర పాలక సంస్థ చేసే చట్టం) చేయాలి, దానివల్ల ఆస్తి విలువ తగ్గితే యజమానికి నగరం పరిహారం ఇవ్వాలి. ఆ పరిహారం ఇచ్చే స్తోమత ఏ నగరానికీ లేదు కాబట్టి బేరం ఆడతారు. 1994 తర్వాత వచ్చిన పద్ధతి ప్రకారం యజమానితో ఒప్పందం చేసుకుని, నువ్వు దీన్ని బాగుచేసి కాపాడు, బదులుగా ఇక్కడే మరికొంత కట్టుకో, లేదా ఆ కట్టుకునే హక్కుని ఇంకోచోట కట్టేవాడికి అమ్ముకో అంటారు. మన దగ్గర రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్ళకి టీడీఆర్ (మరోచోట అదనంగా కట్టుకునే లేదా అమ్ముకునే హక్కు) ఇస్తారు చూడండి, సూత్రం అదే. గ్యాస్‌టౌన్, చైనాటౌన్ ప్రాంతాల్లో ఎన్నో పాత బిల్డింగులు ఈ పద్ధతి వల్లే బాగుపడ్డాయి. కానీ కొనేవాళ్ళ కంటే హక్కులు ఎక్కువ పోగుపడి, 2007లో నగరం కొత్తగా ఇవ్వడం ఆపాల్సి వచ్చింది. మంచి ఉపాయమే, కాకపోతే రియల్ ఎస్టేట్ జోరు మీద ఉంటేనే నడుస్తుంది, ఆ జోరు మీద ఉన్నప్పుడే పాత బిల్డింగుకి ముప్పు కూడా ఎక్కువ.

ఈ బేరాల్లోంచి పుట్టిన పెద్ద జబ్బు ముందు గోడని మాత్రం ఉంచడం. లోపలంతా తీసేసి, గోడని ఇనుప చట్రంతో నిలబెట్టి, వెనక కొత్త టవర్ లేపి, ఆ గోడని దానికి అతికిస్తారు. టొరంటోలో యంగ్ స్ట్రీట్ వెంట నడిస్తే ఈ తరహావి వరసగా కనిపిస్తాయి. వీధి నుంచి చూస్తే పాతది ఉన్నట్టే ఉంటుంది, కాబట్టి పత్రం ప్రకారం అంతా సవ్యమే. కానీ ఆ కిటికీల వెనక నేల వేరే ఎత్తులో ఉంటుంది, ఒక్కోసారి కిటికీ మధ్యలోంచి స్లాబు పోతుంది. చిన్న చిన్న కొట్లు ఉన్నచోట ఒకే పెద్ద బ్రాండు షాపు, కిరాయి ఇళ్ళు ఉన్నచోట లక్షల డాలర్ల కాండోలు (సొంతానికి కొనుక్కునే ఫ్లాట్లు). గతిలేక చేశాం, మొత్తం పోవడం కంటే ఇది నయం కదా అంటారు. ఎప్పుడో అరుదుగా నిజంగానే అది నయం కావచ్చు. ఎక్కువసార్లు మాత్రం అది కూల్చివేతే, పైకి తెలియకుండా జరిగిన కూల్చివేత. కింద కొట్టు, పైన కాపురం అన్న అమరికే ఆ బిల్డింగు విలువ అయినప్పుడు, అమరిక పోయి గోడ మిగిలితే మిగిలింది ఏమిటి?

మరి మాన్‌హట్టన్ ఎలా నిలిచింది? జాబితా వల్ల కాదు. నగరం జాబితా తయారుచేయడానికి ఏళ్ళ ముందే, 1970ల చివర్లో దానికి కూల్చివేత ముప్పు వచ్చింది. అప్పుడు లోపల అద్దెకుంటున్నవాళ్ళు ఒక్కటై దాన్ని కోఆపరేటివ్‌గా మార్చుకున్నారు. కెనడాలో ఫెడరల్ ప్రభుత్వం 1973 నుంచి కోఆపరేటివ్ ఇళ్ళకి రుణాల్లో సాయం చేసే పథకం నడిపింది, ఆ కాలంలో దేశమంతా ఇలాంటివి వందలు లేచాయి. మామూలుగా ఇలాంటి కోఆపరేటివ్‌లో ఎవరూ తమ ఇంటిని విడిగా అమ్ముకోలేరు, సభ్యులు నెలనెలా ఖర్చుకి తగ్గ మొత్తం కడతారు, వెళ్ళిపోయేటప్పుడు లాభం చేతికి రాదు, ఆ ఇల్లు తర్వాతివాళ్ళకి అందుతుంది. అందుకే నేల ధర పదింతలైనా అమ్మేద్దాం అన్న ఒత్తిడి లోపల్నుంచి అంత సులువుగా పుట్టదు. రాబ్సన్ లాంటి వీధిలో మామూలు ఆదాయం ఉన్న మనుషులు ఇవాళ్టికీ ఉండగలుగుతున్నారంటే కారణం ఈ యాజమాన్యమే. ఆర్కిటెక్టు పేరు ఎంత ముఖ్యమో ఆ బిల్డింగు హెరిటేజ్ విలువలో ఈ సంగతీ అంత ముఖ్యం, నిజానికి ఎక్కువ. అదే ఆర్కిటెక్టుల హోటల్ యూరప్ కూడా తర్వాత తక్కువ అద్దె ఇళ్ళుగా మారి నిలబడింది. బిల్డింగుల్ని మనుషులు కాపాడతారు, వాళ్ళు లోపల ఉంటే.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా ఒప్పుకోవాలి. పాత బిల్డింగులో కాపురం అంటే ముచ్చట మాత్రమే కాదు, ప్రమాదం కూడా. వాంకూవర్ భూకంపాల తీరం, 1700 జనవరిలో ఆ తీరం పొడుగునా వచ్చినలాంటి పెద్ద భూకంపం మళ్ళీ వస్తుందన్నది శాస్త్రజ్ఞుల అంచనా. లోపల ఇనుము లేని ఇటుక గోడ ఊగితే ముందు పడేది పిట్టగోడ, కార్నిస్, అవి పడేది ఫుట్‌పాత్ మీద. గోడల్ని నేలలకి ఇనుప బద్దీలతో కట్టడం, పిట్టగోడకి వెనక ఊతం ఇవ్వడం, అవసరమైనచోట లోపల ఉక్కు చట్రం పెట్టడం, ఇదంతా చేయవచ్చు, బాగా ఖర్చుతో కూడిన పని. నిప్పు సంగతి ఇంకా ఘోరం. 2022 ఏప్రిల్ 11న గ్యాస్‌టౌన్‌లో వింటర్స్ హోటల్ తగలబడింది, 1907 నాటిది, కింద కొట్లు, పైన పేదవాళ్ళు ఉండే ఒంటి గదులు. మూడు రోజుల ముందే చిన్న మంట వచ్చి స్ప్రింక్లర్లు పనిచేశాయి, ఆ తర్వాత వాటిని తిరిగి సిద్ధం చేయలేదు. ఇద్దరు చనిపోయారు, డెబ్బైమందికి పైగా ఇల్లు పోయింది, మిగిలిన గోడల్ని కూల్చేశారు. మన దేశంలో కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లో స్టీఫెన్ కోర్టు, ఇదే తరహాలో కింద పేరున్న షాపులు, పైన ఇళ్ళూ ఆఫీసులూ, 2010 మార్చి 23న కాలి నలభైమందికి పైగా పోయారు. పై అంతస్తులు తర్వాత అక్రమంగా వేసినవని అప్పుడు బయటపడింది.

ఈ రెండూ చూపించి పాతవన్నీ కూల్చేయాలి అనేవాళ్ళు ఉన్నారు. కానీ ఈ రెండు చోట్లా మనుషుల్ని చంపింది బిల్డింగు వయసు కాదు. మెట్లు, స్ప్రింక్లర్లు, తలుపులు, అదనపు అంతస్తులు, వీటిని పట్టించుకోవలసినవాళ్ళు పట్టించుకోకపోవడం. కార్నిస్‌కి రంగు వేయించడానికి గ్రాంటు ఇచ్చి వెనక మెట్ల సంగతి అడగని హెరిటేజ్ విధానం ఏదైనా ఉంటే అది లోపల ఉన్నవాళ్ళ ప్రాణాల్ని లెక్కలోకి తీసుకోనట్టే.

అదే రాష్ట్ర రాజధాని విక్టోరియా ఈ ముడిని వేరే చోట పట్టుకుంది. అక్కడి డౌన్‌టౌన్‌లో పాత ఇటుక బిల్డింగుల్లో కింద కొట్లు నడిచేవి, పై అంతస్తులు ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉండేవి, ఎందుకంటే అక్కడ మనుషుల్ని ఉంచాలంటే భూకంపానికి తట్టుకునేలా గోడలు బిగించాలి, ఆ ఖర్చు అద్దెల్లో తిరిగిరాదు. 1998లో నగరం ఒక పన్ను రాయితీ తెచ్చింది. పై అంతస్తుల్ని ఇళ్ళుగా మార్చే యజమానికి, భూకంప రక్షణకి పెట్టిన ఖర్చుని బట్టి పదేళ్ళ దాకా ఆస్తి పన్ను మాఫీ. రాయితీ ఖర్చు పెట్టిన చోటు గోడ లోపల, బయటి నుంచి ఎవరికీ కనపడని ఇనుప బద్దీల మీద. దాని ఫలితం మాత్రం సాయంత్రం ఏడు గంటలకి వీధిలో నిలబడితే కనపడుతుంది, కొట్ల పైన ఒకప్పుడు ఖాళీగా ఉండిపోయిన కిటికీల్లో దీపాలు వెలుగుతాయి.